అయోవా బార్న్‌స్టార్మర్స్ ఒకే జట్టా, మూడు జట్లా? చార్టులు రాసేముందు తేలాల్సిన సంగతులు

ఎంవీపీ_సెక్టార్6

అందరికీ నమస్కారం. విశాఖలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (మనిషిని పడగొట్టకుండా నడుము పట్టీ లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) నేర్చుకుంటున్న హైస్కూలు పిల్లల కోసం ఒక ఆదివారం ప్రదర్శన పెడుతున్నాం. పొద్దున ఇండోర్ హాల్లో చిన్న మ్యాచ్ ఉంటుంది. గోడల మీద ఆరు చార్టుల్లో ఒక అమెరికన్ ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర ఉంటుంది. అమెరికాలో పెద్ద లీగైన ఎన్ఎఫ్ఎల్ జట్ల గురించి పిల్లలకి ఎంతో కొంత తెలుసు కాబట్టి, చిన్న లీగుల్లో తిరిగిన జట్టయితే బావుంటుందని అయోవా బార్న్‌స్టార్మర్స్‌ని ఎంచుకున్నాం. ఊరు డె మొయిన్, అయోవా రాష్ట్ర రాజధాని. తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో పేరు మోసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కర్ట్ వార్నర్ అక్కడే వెలుగులోకి వచ్చాడు కనక పిల్లలు ఆగి చదువుతారని ఆశ.

చిక్కేమిటంటే, సేకరించిన కాగితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒకచోట జట్టు 1995లో పుట్టిందని ఉంది, మరోచోట 2008లో అని ఉంది. 2000 తర్వాత న్యూయార్క్ వెళ్లిపోయిందంటారు. వెళ్లిపోయిన జట్టు 2018లో అదే పేరుతో కప్పు ఎలా గెలిచింది?

రెండో అనుమానం అంకెల మీద. వార్నర్ 1997లో 79 టచ్‌డౌన్ పాస్‌లు (బంతి ఎదుటి గోల్ గీత దాటేలా చేసిన పాసులు) వేశాడని ఉంది. ఇది అచ్చుతప్పా, నిజమా?

మూడోది, ఈ ఇండోర్ ఆటలో గోల్ స్తంభాలకి రెండు పక్కలా వేలాడే ఆ పెద్ద వలలు మేమూ కట్టగలమా? మాకు దొరికిన హాలు నేల 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. చెక్క నేల.

గాజువాక_గోల్‌లైన్

సెక్టార్6 గారూ, మీ కాగితాల్లో తప్పు లేదు. పేరు, ఫ్రాంచైజీ, లీగు అనే మూడింటినీ ఒకే దారానికి గుచ్చాలని చూడటంతోనే చిక్కుపడింది.

మనవాళ్లకి అర్థమవ్వాలంటే డెక్కన్ ఛార్జర్స్ సంగతి చెబితే చాలు. 2009 ఐపీఎల్ కప్పు ఛార్జర్స్‌ది. 2012లో మన పీఎం పాలెం స్టేడియంలో కూడా ఆడారు. ఆ ఏడాదే ఫ్రాంచైజీ రద్దయింది. తర్వాత వచ్చిన సన్‌రైజర్స్ కొత్త ఫ్రాంచైజీ. హైదరాబాద్‌కి రెండు కప్పులున్నాయని అనొచ్చు. సన్‌రైజర్స్‌కి రెండున్నాయంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. బార్న్‌స్టార్మర్స్ కథ దీనికి తిరగేసిన రూపం: ఫ్రాంచైజీ ఊరు వదిలి పోయింది, పేరు ఊళ్లోనే ఉండిపోయింది.

మొదటి దారం. ఇండోర్ ఆటని కనిపెట్టిన జిమ్ ఫోస్టర్ అయోవా మనిషే. ఆయన అరీనా ఫుట్‌బాల్ లీగు (ఏఎఫ్ఎల్ అందాం) పెట్టాక, తన రాష్ట్రంలో తానే 1995లో ఈ జట్టుని మొదలుపెట్టాడు. ఆడింది డె మొయిన్‌లోని వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియంలో. 1955 నాటి కట్టడం. ఊరివాళ్లు దాన్ని ముద్దుగా 'ది బార్న్' అనేవారు, అంటే గడ్డివాము కొట్టం. బార్న్‌స్టార్మర్ అంటే మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పల్లెటూళ్ల పొలాల్లో చిన్న విమానం దించి, గాల్లో విన్యాసాలు చేసి డబ్బులు తీసుకునే పైలట్. అందుకే హెల్మెట్ మీద పైలట్ కళ్లజోడు బొమ్మ వేశారు. మీ మొదటి చార్టుకి ఈ హెల్మెట్ బొమ్మ కంటే మంచిది దొరకదు. ఈ దారం డె మొయిన్‌లో 2000 సీజన్‌తో ముగిసింది. న్యూయార్క్ ఐలాండర్స్ హాకీ జట్టు యజమానుల్లో ఒకరైన చార్ల్స్ వాంగ్ కొనుక్కుని లాంగ్ ఐలాండ్‌లోని నాసౌ కోలిజియంకి తీసుకెళ్లారు. 2001 నుంచి దాని పేరు న్యూయార్క్ డ్రాగన్స్. 2008 సీజన్ ఆడాక లీగుతో పాటే అదీ పోయింది.

రెండో దారం చాలా పొట్టిది. ఏఎఫ్ఎల్ వాళ్లే చిన్న ఊళ్ల కోసం ఏఎఫ్2 అనే దిగువ లీగు నడిపేవారు. అందులో 2001లో బార్న్‌స్టార్మర్స్ పేరుతో డె మొయిన్ జట్టు ఒక సీజన్ ఆడింది. అంతే. దీనికి చార్టు దండగ, ఒక వాక్యం చాలు.

మూడో దారం 2008లో ఏఎఫ్2లోనే మొదలైంది. ఈసారి ఆడింది 2005లో తెరిచిన కొత్త వెల్స్ ఫార్గో అరీనాలో. 2009 తర్వాత ఏఎఫ్2 ఆగిపోయింది. 2010లో ఏఎఫ్ఎల్ మళ్లీ లేచినప్పుడు బార్న్‌స్టార్మర్స్ అందులోకి వెళ్లి 2014 దాకా ఆడారు. 2015లో ఇండోర్ ఫుట్‌బాల్ లీగులోకి మారారు. 2018 యునైటెడ్ బౌల్‌లో (ఆ లీగు ఫైనల్‌లో) సూ ఫాల్స్ స్టార్మ్‌ని ఓడించి గెలిచింది ఈ మూడో దారం జట్టు. వార్నర్ ఆడింది మొదటి దారంలో.

కాబట్టి '1995లో పుట్టింది' అన్నా '2008లో పుట్టింది' అన్నా నిజమే. మొదటిది పేరు పుట్టిన ఏడు, రెండోది ఇప్పటి జట్టు పుట్టిన ఏడు. చార్టు మీద మూడు గీతలు వేరే రంగుల్లో గీయండి. ఒకే గీత గీస్తే ప్రశ్నలడిగే పిల్లాడు ఒకడు తప్పకుండా దొరుకుతాడు.

సీతమ్మధార_స్నాప్

పైన చెప్పినదంతా సరే. ఆరు చార్టుల్లో కనీసం మూడు 1995-97కి ఇవ్వండి. కథలో సరుకంతా అక్కడే ఉంది. 2010-14కి అర చార్టు చాలు.

వార్నర్ విషయంలో ఎక్కువగా కనిపించే తప్పులు మూడు.

ఒకటి, కిరాణా కొట్టు సంగతి. 1994లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) ఆయన్ని ఎవరూ తీసుకోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ శిక్షణ శిబిరానికి పిలిచి సీజన్ మొదలవకముందే పంపేశారు. సీడార్ ఫాల్స్‌లోని హై-వీ దుకాణంలో గంటకి ఐదున్నర డాలర్లకి సరుకులు సర్దింది ఆ తర్వాతే. బార్న్‌స్టార్మర్స్‌లో చేరింది 1995లో. చాలామంది ఈ వరస తిరగేసి, ఇండోర్ ఆట వదిలాక కొట్లో పనిచేశాడని రాస్తారు.

రెండు, వార్నర్ అయోవాకి కప్పు తెచ్చాడని రాయడం. తేలేదు. రెండుసార్లు ఫైనల్‌కి తీసుకెళ్లాడు, రెండుసార్లూ ఓడారు. 1996 అరీనాబౌల్ (ఏఎఫ్ఎల్ ఫైనల్) సొంతగడ్డ డె మొయిన్‌లోనే జరిగింది, టాంపా బే స్టార్మ్ 42-38తో గెలిచింది. 1997ది ఫీనిక్స్‌లో, అరిజోనా ర్యాట్లర్స్ 55-33తో గెలిచింది. రెండు ఫైనళ్లకీ కోచ్ జాన్ గ్రెగరీ. ఆయన అంతకుముందు కెనడాలో సస్కచ్వాన్ రఫ్‌రైడర్స్‌కి 1989 గ్రే కప్ (కెనడా ఫుట్‌బాల్ లీగు కప్పు) తెచ్చిపెట్టినవాడు.

మూడు, 1998లో నేరుగా ఎన్ఎఫ్ఎల్ మైదానంలోకి దిగాడని రాయడం. 1997 చివర్లో సెయింట్ లూయిస్ ర్యామ్స్ ఒప్పందం చేసుకున్నారు గానీ, 1998 వసంతంలో ఆయన్ని ఎన్ఎఫ్ఎల్ యూరప్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్‌కి పంపారు. ర్యామ్స్‌కి అసలు ఆటగాడైంది 1999లో, మొదటి క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతిన్నాక. ఆ సీజన్ చివర, 2000 జనవరి 30న ఎన్ఎఫ్ఎల్ ఫైనలైన సూపర్ బౌల్‌లో 414 గజాల పాసులు వేసి టెనెసీ టైటన్స్‌ని 23-16తో ఓడించాడు. 2017లో కాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ మందిరంలో) చోటు దొరికింది.

ఇక 79 సంగతి. అచ్చుతప్పు కాదు. 1995లో 43, 1996లో 61, 1997లో 79, మొత్తం 183. దీని పక్కనే ఎన్ఎఫ్ఎల్ రికార్డు, 2013లో పేటన్ మానింగ్ వేసిన 55 పెట్టి 'వార్నర్ ఎక్కువ' అని మాత్రం రాయకండి. అక్కడ మైదానం 100 గజాలు, ఇక్కడ 50. అక్కడ నాలుగో డౌన్‌లో (డౌన్ అంటే ముందుకెళ్లే ఒక ప్రయత్నం) బంతిని పంట్ చేసి, అంటే దూరంగా తన్ని వదిలించుకోవచ్చు, ఏఎఫ్ఎల్‌లో పంట్ నిషేధం. నాలుగు డౌన్లూ ఆడాలి, లేదా గోల్‌కి తన్నాలి. పైగా ఒక రిసీవర్ (పాస్ అందుకునేవాడు) బంతి కదలకముందే ముందుకి పరుగు మొదలుపెట్టొచ్చు. డిఫెండర్ నిలబడి ఉండగా వాడు అప్పటికే పూర్తి వేగంలో ఉంటాడు. ఒక జట్టు 40 పాయింట్లు చేయడం అక్కడ రోజువారీ వ్యవహారం. పోలిక కావాలంటే అదే ఆటలోంచి తీసుకోండి: వార్నర్ తర్వాత అయోవాలో క్వార్టర్‌బ్యాక్ అయిన ఆరన్ గార్సియా, జట్టుతో పాటే న్యూయార్క్ వెళ్లి 2001లో డ్రాగన్స్‌కి 104 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. అప్పుడు 79 ఎంత పెద్దదో, ఎంత పెద్దది కాదో పిల్లలకి తెలుస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. 2007కి ముందు ఏఎఫ్ఎల్‌లో చాలామంది ఆటగాళ్లు దాడీ రక్షణా రెండూ తామే ఆడాలి. బంతి చేతులు మారినా మైదానం వదలకూడదు. క్వార్టర్‌బ్యాక్, కిక్కర్, మరి కొందరు ప్రత్యేక ఆటగాళ్లకే మినహాయింపు. 2007లో ఆ నిబంధన ఎత్తేసి ఎప్పుడైనా మార్చుకోవచ్చన్నారు. కాబట్టి మొదటి దారంలోని రిసీవర్ల అంకెలనీ మూడో దారంలోని రిసీవర్ల అంకెలనీ ఒకే పట్టికలో పేర్చితే అన్యాయం.

ఏటి_గురూ

ఏటండీ, అందరూ పేరు గురించే కొట్టుకుంటున్నారు గానీ వల సంగతి ఎవరూ ఎత్తలేదు! బార్న్‌స్టార్మర్స్ చరిత్రలో మైదానం మీద కనిపించే అసలు మార్పు 2001లోనూ కాదు, 2008లోనూ కాదు. 2015లో. ఆ ఏడాది వల పోయింది.

మరేటంటే, ఫోస్టర్ 1981 ఫిబ్రవరి 11న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ, ఇదే జాగాలో ఫుట్‌బాల్ ఆడితే ఎలా ఉంటుందని ఒక కవరు వెనక బొమ్మ గీశాడు. 1986 ఏప్రిల్‌లో ఇలినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో పరీక్షగా ఒక మ్యాచ్ ఆడించారు. 1987 జూన్‌లో నాలుగు జట్లతో లీగు మొదలైంది.

కొలతలన్నీ ఐస్ హాకీ రింకు లోంచి వచ్చాయి. రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఫుట్‌బాల్‌కి 50 గజాల మైదానం, రెండు చివర్లా 8 గజాల చొప్పున ఎండ్ జోన్ (గోల్ గీత వెనక జాగా). మొత్తం 66 గజాలు, అంటే 198 అడుగులు. రింకులో సరిగ్గా సరిపోయి రెండడుగులు మిగులుతుంది. వెడల్పు 85 అలాగే ఉంచారు. పక్కన గీత బదులు హాకీ గోడే, దానికి మందపాటి ఫోము దిండ్లు. ఇంత చిన్న జాగాలో బంతి మాటిమాటికీ జనంలోకి పోకుండా వలలు పెట్టారు.

గోల్ స్తంభాల మధ్య వెడల్పు 9 అడుగులు, అడ్డకర్ర ఎత్తు 15 అడుగులు. ఎన్ఎఫ్ఎల్‌లో పద్దెనిమిదిన్నర వెడల్పు, 10 ఎత్తు. స్తంభాలకి రెండు పక్కలా ఒక్కో వల 30 అడుగుల వెడల్పు, 32 అడుగుల ఎత్తు, కింది అంచు నేలకి 8 అడుగుల పైన. వలకి తగిలి వచ్చిన బంతి బతికే ఉంటుంది. పాస్ అయినా, గురి తప్పిన కిక్ అయినా నేల తాకకముందు పట్టుకుని పరుగెత్తొచ్చు.

ఈ వలకి ఫోస్టర్ పేటెంట్ తీసుకున్నాడు. 1990 మార్చిలో వచ్చింది, 2007 సెప్టెంబర్‌తో గడువు తీరింది. ఈ మధ్యలో పుట్టిన ఇతర ఇండోర్ లీగులు వల లేకుండా ఆడాల్సి వచ్చింది. అలా ఆడీ ఆడీ అదే వాళ్ల ఆట అయిపోయింది. పేటెంట్ పోయినా వల తగిలించుకోలేదు. 2009లో యునైటెడ్ ఇండోర్ ఫుట్‌బాల్, ఇంటెన్స్ ఫుట్‌బాల్ లీగులు కలిసి ఆడటం మొదలుపెట్టిన ఇండోర్ ఫుట్‌బాల్ లీగు ఆ కోవదే. అక్కడ బంతి కదలకముందే ఒకరు కాదు, ఇద్దరు ముందుకి కదలొచ్చు. ఏఎఫ్ఎల్, ఏఎఫ్2 రెండూ ఒకే ఇంటివి కాబట్టి బార్న్‌స్టార్మర్స్ 2014 దాకా వలతో ఆడారు, 2015 నుంచి వల లేకుండా. గాజువాక గారి మూడో గీతని కూడా 2015 దగ్గర తెంపి చూపించాలని నా మాట.

ఇక మీ హాలు. అసలు మైదానానికి 60 మీటర్ల 35 సెంటీమీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు కావాలి. 40 × 20 అంటే హ్యాండ్‌బాల్ కోర్టు కొలత. పట్టదు. కుదించి ఆడాల్సిందే. వల కావాలంటే ముందు హాలు వాళ్లని అడగండి, పైకప్పు ఇనుప ట్రస్సుకి ఏదైనా వేలాడదియ్యనిస్తారా అని.

ఎంవీపీ_సెక్టార్6

ముగ్గురికీ ధన్యవాదాలు. హాలు వాళ్లు ట్రస్సుకి ఏమీ కట్టకూడదన్నారు, నేలకి మేకు దించకూడదన్నారు. అయినా వల నుంచి బంతి వెనక్కొచ్చే తమాషా పిల్లలకి చూపించాలని ఉంది. కుదించిన మైదానానికి కొలతలు, ఎంత టేపు పడుతుందో కూడా చెబితే కొనుక్కుంటాం.

ఇంకో అనుమానం. ఐఎఫ్ఎల్ (ఇండోర్ ఫుట్‌బాల్ లీగు) అని రాసిన కాగితం ఒకటి 1999 నాటిది ఉంది. 2009లో పుట్టిన లీగు 1999లో ఎలా ఉంటుంది?

పెందుర్తి_పంట్

(నా పేరులో పంట్ ఉంది గానీ ఇండోర్‌లో అది నిషేధమని తెలుసు, వేళాకోళాలు వద్దు.)

మీ కాగితం తప్పు కాదు. ఇండోర్ ఫుట్‌బాల్ లీగు అన్న పేరుతో 1999, 2000ల్లో వేరే లీగు ఒకటి నడిచి పోయింది. ఇప్పటిదానికీ దానికీ పేరే చుట్టరికం. ఇంటెన్స్ ఫుట్‌బాల్ లీగుని కూడా పొట్టిగా ఐఎఫ్ఎల్ అనే రాసేవారు. పీఐఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఇండోర్ ఫుట్‌బాల్ లీగు) కథా అంతే: 1998లో ఒకటి, 2012 నుంచి 2015 దాకా ఇంకొకటి. కాబట్టి ఈ చిన్న లీగుల కాగితాల్లో పొడి అక్షరాలు నమ్మొద్దు. పక్కన ఏడాది ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

యునైటెడ్ బౌల్ పేరులోనూ ఇదే గోతి. అది మొదట యునైటెడ్ ఇండోర్ ఫుట్‌బాల్ వాళ్ల ఫైనల్ పేరు. విలీనం తర్వాత కొత్త లీగు ఆ పేరే అట్టిపెట్టుకుంది. 2018లో అయోవా చేతిలో ఓడిన సూ ఫాల్స్ స్టార్మ్ 2005 నుంచి 2008 దాకా గెలిచినవి పాత లీగులో, 2011 నుంచి 2016 దాకా వరసగా ఆరు గెలిచినవి కొత్త లీగులో. ఎదుటి జట్టు ఎంత గట్టిదో చెప్పాలంటే ఆ ఆరు చెప్పండి చాలు. 1997 ఫైనల్‌లో వార్నర్‌ని ఓడించిన అరిజోనా ర్యాట్లర్స్ కూడా 2017లో ఇదే లీగులోకి వచ్చి, వచ్చిన ఏడాదే కప్పు కొట్టారు.

ఏఎఫ్ఎల్ ఎందుకు పడిపోయిందన్నది ఒక చార్టుకి సరిపోతుంది. ఈ జట్లకి సొంత అరీనా ఉండదు. హాకీ, బాస్కెట్‌బాల్, కచేరీలు పోగా మిగిలిన తేదీలే దొరుకుతాయి. అందుకే మొదట్లో వేసవిలో ఆడేవారు. 2003లో ఎన్‌బీసీ టీవీ ప్రసారం కోసం సీజన్‌ని ఫిబ్రవరికి లాగారు. ఎన్‌బీసీ 2006తో తప్పుకుంది. 2008 డిసెంబర్‌లో, రాబోయే 2009 సీజన్ రద్దన్నారు. 2009 ఆగస్టులో దివాలా. విచిత్రమేమిటంటే ఆ వేసవిలో దిగువ లీగు ఏఎఫ్2 మామూలుగా ఆడేసింది. పై లీగు లేని ఏడాది కింది లీగు ఆడింది, బార్న్‌స్టార్మర్స్ అందులో ఉన్నారు. 2010లో మళ్లీ లేచిన ఏఎఫ్ఎల్ కూడా 2019లో మూతపడింది. అయోవా అప్పటికే దిగిపోయి నాలుగేళ్లు దాటింది.

మన దేశానికి ముడిపెట్టాలనుకుంటే ఒక దారి ఉంది. 2012లో ఆడిన ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాకి అండగా డబ్బు పెట్టినవాళ్లలో ఎన్ఎఫ్ఎల్ మాజీలు మైక్ డిట్కా, రాన్ జవోర్స్కీలతో పాటు కర్ట్ వార్నర్ కూడా ఉన్నాడు. అది ఇండోర్ కాదు, మామూలు మైదానం ఆట. చార్టు మూల చిన్న పెట్టెలో వేయండి, అంతకంటే సాగదీయకండి.

ఏటి_గురూ

వలకి మార్గం ఉంది గురూ. మొత్తం వల కాదు, ఒక నమూనా చట్రం. 8 అడుగులు × 8 అడుగులు, అంగుళంపావు జీఐ పైపుతో. చుట్టుకొలత 32 అడుగులు, కింద రెండు పాదాలు నాలుగేసి అడుగులు, వెనక రెండు ఊతాలు ఆరేసి అడుగులు. మొత్తం 52. ఇరవై అడుగుల పైపులు మూడు తెస్తే సరిపోయి కొంచెం మిగులుతుంది. పాదాల కింద పాత సైకిల్ ట్యూబు చుట్టండి, నేల గీసుకోదు. వెనక ఒక్కో పాదం మీద 25 కిలోల ఇసుక బస్తా, చిరగని సంచిలో. చెక్క నేల మీద ఇసుక చిందితే పిల్లలు జారిపడతారు.

వల ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరుకుతుంది. రెండు విషయాలు చూసుకోండి. తంగూసు వల వద్దు, చేతులు కోసేస్తుంది. పేనిన నైలాన్ దారం వల అడగండి. కన్ను 45 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ బంతి మొనదేలి ఉంటుంది. కన్ను పెద్దదైతే మొన దూరి అక్కడే ఇరుక్కుంటుంది, వెనక్కి రాదు.

అసలు కిటుకు బిగువులో ఉంది. క్రికెట్ ప్రాక్టీసు వలలా వదులుగా కడితే బంతి వేగమంతా మింగేసి కాళ్ల దగ్గర పడేస్తుంది. వలని ఏడున్నర అడుగుల చదరంగా, చట్రం కంటే చిన్నగా కత్తిరించి, నాలుగు మిల్లీమీటర్ల నైలాన్ తాడుతో ఆరేసి అంగుళాలకి ఒక చుట్టు వేస్తూ చట్రానికి లాగి కట్టండి. చుట్లు అరవై దాకా వస్తాయి. తాడు 25 మీటర్లు పడుతుంది, 30 కొనండి. నాలుగు మూలలూ ముందు కట్టి తర్వాత పక్కలు లాగాలి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకి పోతే వల వంకర తిరిగి బంతి ఎటుపడితే అటు పోతుంది. ఐదారు మీటర్ల నుంచి విసిరితే రెండు మూడు మీటర్లు వెనక్కి రావాలి. రాకపోతే ఇంకా లాగండి.

మైదానం: 25 గజాల ఆట జాగా, రెండు చివర్లా ఆరేసి గజాల ఎండ్ జోన్. మొత్తం 37 గజాలు, 33 మీటర్ల 83 సెంటీమీటర్లు. రెండు చివర్లా మూడేసి మీటర్లు మిగులుతుంది. వెడల్పు 16 మీటర్లు పెట్టండి, పక్కల రెండేసి మీటర్లు వదలండి. ఇంకొంచెం వెడల్పు లాగుదామని అనిపిస్తుంది. లాగొద్దు. అరీనా జట్లకి గోడకి దిండ్లుంటాయి, మీకు సిమెంటు గోడ. చివరి గోడలకి కబడ్డీ మ్యాట్లు నిలబెట్టి కట్టండి.

టేపు లెక్క: చుట్టూ 100 మీటర్లు, రెండు గోల్ గీతలు 32, మధ్య గీత 16. ఐదో గజం, పదో గజం దగ్గర పూర్తి గీతలక్కర్లేదు. పక్క గీతల దగ్గర అర మీటరు ముక్కలు చాలు, మొత్తం 4 మీటర్లు. కలిపితే 152. ముప్పైమూడు మీటర్ల రీళ్లు ఐదు సరిపోతాయి, ఆరు కొనండి.

సీతమ్మధార_స్నాప్

టేపు విషయంలో ఒకటి కలుపుతున్నా. రెండంగుళాల వినైల్ ఫ్లోర్ మార్కింగ్ టేపే కొనండి. అట్టపెట్టెలకి వేసే గోధుమరంగు టేపు చెక్క నేల మీద వేస్తే, మన సముద్రపు తేమకి జిగురు నేలకి అంటుకుని మర్నాడు పాలిష్‌తో సహా లేస్తుంది. ఏ టేపైనా సరే ఆ సాయంత్రమే తీసేయండి. నిటారుగా పైకి లాగకుండా, వెనక్కి మడిచి నేలకి దగ్గరగా నెమ్మదిగా లాగాలి. వేసేముందు నేల పొడి గుడ్డతో తుడవాలి. పొద్దున్నే హాలు తలుపులు తీయగానే నేల చెమర్చి ఉంటుంది, అప్పుడు వేస్తే గంటలో లేచి షూలకి చుట్టుకుంటుంది.

ఫ్లాగ్ ఆటలోలా జట్టుకి ఐదుగురు వద్దు, నలుగురు చాలు. అరీనా మైదానం ఎండ్ జోన్లు కాకుండా 12,750 చదరపు అడుగులు, ఆటగాళ్లు పదహారు మంది. మనిషికి దాదాపు 800. మీ జాగా సుమారు 3,940. ఎనిమిది మందికి 490 చొప్పున వస్తుంది. పదిమందిని దింపితే 400 కూడా రాదు, తలలు ఢీకొంటాయి. నాలుగు డౌన్లలో మధ్య గీత దాటాలి, దాటాక ఇంకో నాలుగు డౌన్లలో గోల్ చేరాలి. ఫ్లాగ్ ఆటలో పిల్లలకి అలవాటైన పద్ధతే కాబట్టి కొత్తగా నేర్పక్కర్లేదు. బంతి తోలుది వద్దు, చెమట చేతుల్లో జారుతుంది. పిల్లల సైజు రబ్బరు బంతి తీసుకోండి.

ఎంవీపీ_సెక్టార్6

అంతా రాసుకున్నాను. చివరిగా ఒకటి: మ్యాచ్‌కి ఏఎఫ్ఎల్ పాయింట్లు పెట్టాలా, ఇండోర్ ఫుట్‌బాల్ లీగువా?

గాజువాక_గోల్‌లైన్

కిక్కులు లేకుండా ఆడించండి. అంత చిన్న హాల్లో కొడితే ట్యూబులైట్లు పగులుతాయి. టచ్‌డౌన్‌కి 6. తర్వాత అదనపు ప్రయత్నంలో ఐదో గజం నుంచి 1, పదో గజం నుంచి 2. రెండు లీగుల కిక్కు పాయింట్లూ చార్టు మీద చూపించండి: ఏఎఫ్ఎల్‌లో బంతిని నేల మీద వదిలి ఎగిరేటప్పుడు తన్నే డ్రాప్ కిక్‌తో ఫీల్డ్ గోల్ వేస్తే మూడుకి బదులు 4, టచ్‌డౌన్ తర్వాత వేస్తే ఒకటికి బదులు 2. ఇండోర్ ఫుట్‌బాల్ లీగులో ఆట మొదలుపెట్టే కిక్ నేరుగా స్తంభాల మధ్య నుంచి పోతే 2, దాన్ని 'డ్యూస్' అంటారు. ఆ చార్టుని వల చట్రం పక్కనే పెట్టండి. ఏ పాయింటు వల ఉన్న ఆటదో, ఏది లేనిదో అక్కడే చూపించి చెప్పొచ్చు.